ప్లేరైట్‌తో వెబ్‌సైట్ టెస్టింగ్ ఇలా మొదలుపెట్టండి, స్లీప్‌లు పెట్టకుండా

వెబ్‌సైట్‌కి ఆటోమేషన్ టెస్టులు రాద్దామనుకుంటున్నారా, అయితే ప్లేరైట్‌తో మొదలుపెట్టండి. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2020లో రిలీజ్ చేసిన ఓపెన్ సోర్స్ టూల్ ఇది, అపాచీ 2.0 లైసెన్స్ కాబట్టి ఆఫీసు ప్రాజెక్టులో వాడినా డబ్బులు కట్టక్కర్లేదు. రాసిన టెస్ట్ ఒక్కటే, క్రోమియం (క్రోమ్‌కి ఆధారం), ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ (సఫారీ ఇంజిన్) మూడిట్లోనూ నడుస్తుంది.

ఇన్‌స్టాల్ చెయ్యడం పెద్ద పనేం కాదు. నోడ్ జేఎస్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఉంటే చాలు, టెర్మినల్లో ఎన్‌పీఎం ఇనిట్ ప్లేరైట్ ఎట్ లేటెస్ట్ కమాండ్ కొట్టండి (ఎట్ అంటే ఈమెయిల్‌లో వాడే ఆ గుర్తే, దానికి ముందూ వెనకా స్పేస్ ఉండదు), టైప్‌స్క్రిప్టా జావాస్క్రిప్టా అని, టెస్టులు ఏ ఫోల్డర్‌లో పెట్టాలి అని అడిగి బ్రౌజర్లు కూడా అదే దించుకుంటుంది. తర్వాత ఎన్‌పీఎక్స్ ప్లేరైట్ టెస్ట్ కొడితే శాంపిల్ టెస్టులు రన్ అవుతాయి. స్క్రీన్ మీద ఏ బ్రౌజరూ కనిపించదు, ఎందుకంటే మామూలుగా హెడ్‌లెస్‌లో, అంటే విండో తెరవకుండా నడుస్తుంది, కళ్లతో చూడాలంటే చివర రెండు డ్యాష్‌లు కొట్టి యూఐ అని చేర్చండి.

మొదటి టెస్ట్ చేత్తో రాయక్కర్లేదు, ఎన్‌పీఎక్స్ ప్లేరైట్ కోడ్‌జెన్ కొట్టి మీ సైట్‌లో క్లిక్ చేసుకుంటూ పోండి, పక్క విండోలో కోడ్ దానంతటదే పడుతుంది. కానీ రికార్డ్ చేసింది రికార్డ్ చేసినట్టు వదిలేస్తే అది టెస్ట్ అవ్వదు, క్లిక్ చేశాక ఏం కనిపించాలో ఎక్స్‌పెక్ట్‌తో మీరే చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయం. ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టుల్ని కొన్నాళ్లకి టీమ్‌లో ఎవరూ నమ్మరు, ఆ తర్వాత నిజమైన బగ్ వచ్చినా మళ్లీ రన్ చేస్తే పోతుందిలే అనుకుంటారు, అందుకే పేజీ లోడవ్వడానికి మూడు సెకన్లు ఆగు అని వెయిట్ ఫర్ టైమవుట్ (స్లీప్ అంటే ఇదే) పెట్టొద్దు దయచేసి. బటన్ కనిపిస్తోందా, కదలకుండా ఉందా, ఎనేబుల్ అయిందా, వేరేదేమైనా అడ్డొస్తోందా అని ప్లేరైటే చూసుకుని అప్పుడు క్లిక్ చేస్తుంది. టు బీ విజిబుల్ లాంటి చెక్‌లు కూడా 5 సెకన్ల వరకు మళ్లీ మళ్లీ చూస్తాయి, కాకపోతే ముందు అవెయిట్ రాయాలి, అది మర్చిపోతే టెస్ట్ చెక్ పూర్తయ్యేదాకా ఆగదు.

అలాగే బటన్ని పొడవాటి సీఎస్‌ఎస్ క్లాసులతో (డిజైన్ కోసం పెట్టే పేర్లు) పట్టుకోవద్దు, డిజైన్ మారిన రోజే టెస్టులు విరిగిపోతాయి. గెట్ బై రోల్ వాడి "లాగిన్ అనే బటన్" అన్నట్టు రాయండి, ఇన్‌పుట్ బాక్సులకి గెట్ బై లేబుల్ ఉంది.

ఫెయిలైతే ఊహించుకుంటూ కూర్చోకండి, ట్రేస్ చూడండి, ఏ స్టెప్‌లో పేజీ ఎలా ఉందో, నెట్‌వర్క్‌లో ఏం వెళ్లిందో అంతా ఉంటుంది. కాన్ఫిగ్ (సెట్టింగ్స్ ఫైల్)లో మొదటి రీట్రైకి, అంటే ఫెయిలయ్యాక మొదటిసారి మళ్లీ నడిపినప్పుడు మాత్రమే ట్రేస్ రికార్డ్ చేసేలా పెట్టి ఇస్తారు, మీ సొంత కంప్యూటర్లో రీట్రైలు సున్నా కాబట్టి ట్రేస్ రాదు, రెండు డ్యాష్‌లు పెట్టి ట్రేస్ ఆన్ అని ఇవ్వండి.

ప్రతి టెస్ట్‌కీ కొత్త బ్రౌజర్ కాంటెక్స్ట్ (ఇన్‌కాగ్నిటో విండో లాంటిది) వస్తుంది, పాత కుకీలు ఉండవు, మరి ప్రతిసారీ లాగిన్ అవ్వాలా అంటే అక్కర్లేదు, స్టోరేజ్ స్టేట్‌తో ఒకసారి లాగిన్‌ని ఫైల్‌లో సేవ్ చేసి అన్నిట్లో వాడుకోవచ్చు. ఆ ఫైల్‌లో కుకీలుంటాయి కాబట్టి దాని పేరు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలెయ్యాల్సిన ఫైళ్ల లిస్ట్) పెట్టాకే మిగతా కోడ్ కమిట్ చెయ్యండి.