జయపురంలో కూర్చుని మంచు బొమ్మ వేయాలంటే

ఆయిల్ రంగులతో మంచు బొమ్మ వేయాలనుకుంటే ముందు తెల్ల రంగు ట్యూబు పక్కన పెట్టేయండి. మంచు బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది దానివల్లే. మంచు తెల్లగా ఉంటుందని మనకు తెలుసు కాబట్టి కాన్వాస్ నిండా తెలుపు పూసేస్తాం, తీరా చూస్తే గోడకు ప్రైమర్ కొట్టినట్టు ఉంటుంది, అందులో చలీ ఉండదు, ఎండా ఉండదు.

ఒడిశాలోని మన కోరాపుట్ జిల్లాలో పొగమంచుకు కొదవ లేదు గానీ, నేల మీద అడుగెత్తున పేరుకునే మంచు ఎక్కడ చూస్తాం? దానికో ఉపాయం ఉంది. డిసెంబర్‌లో పొగమంచు విడిపోయి ఆకాశం నీలంగా కనిపించిన పొద్దున, పెరట్లో ఇసుక కుప్ప మీద పాత తెల్ల పంచె ఒకటి ఎగుడుదిగుడుగా పరవండి. ఏటవాలు ఎండ తగిలిన చోట కాస్త పసుపు, కాస్త గులాబీ ఛాయ కనిపిస్తుంది, మడతల నీడల్లో మాత్రం నీలం, ఊదా. నీడలోకి ఎండ నేరుగా రాదు, వచ్చేది ఆకాశం వెలుగు, అందుకే ఆ నీలం. ఫ్రాన్స్‌లో చిత్రకారుడు క్లాడ్ మొనే 1868-69 చలికాలంలో ఎత్రెతా దగ్గర వేసిన ‘ద మాగ్‌పై’ చూడండి, చెక్క గేటు మీద నల్లపిట్ట, దాని ముందు మంచు మీద పొడుగ్గా నీలి నీడలు. 1869లో పారిస్ సలోన్ అనే అధికారిక చిత్రప్రదర్శన వాళ్లు ఆ బొమ్మను తిప్పి పంపేశారు, ఇప్పుడది అక్కడి ఓర్సే మ్యూజియంలో ఉంది. నెట్‌లో జూమ్ చేసి చూస్తే అందులో అచ్చమైన తెలుపు ఎంత తక్కువో తెలుస్తుంది.

రంగులు ఆన్‌లైన్లోనో విశాఖ నుంచో తెప్పించుకోండి. టైటానియం వైట్, అల్ట్రామెరీన్ నీలం, అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), యెల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) చాలు. నలుపు కొనొద్దు, అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే అంతకంటే మంచి ముదురు రంగు వస్తుంది. జింక్ వైట్ చవగ్గా దొరికినా మందంగా వేయకండి, కొన్నేళ్లకు పెళుసెక్కి పగుళ్లిస్తుంది.

కాన్వాస్‌కు ముందుగా బర్న్ట్ సియెన్నాను టర్పెంటైన్‌తో బాగా పల్చన చేసి పూసి ఆరనివ్వండి. తర్వాత వేసే నీలాల మధ్య ఆ ఎర్రమట్టి రంగు అక్కడక్కడా తొంగిచూస్తేనే చలికి ప్రాణం వస్తుంది, అంతా కప్పేయాలని చూడకండి. నాలుగు గీతల్లో స్కెచ్ చాలు. ఆ తర్వాత చెట్ల ముదురు రంగులు, వాటి వెనకే నీడలు. నీడ రంగు అల్ట్రామెరీన్, చిటికెడు క్రిమ్సన్, దానికి తగినంత తెలుపు. దగ్గరి నీడ కాస్త చిక్కగా, దూరం పోయేకొద్దీ లేతగా, చల్లగా. ఎండ పడిన మంచు చివర్న వేయాలి, తెలుపులో ఓకర్ బ్రష్ కొసకు అంటినంత కలిపి, రంగు దండిగా తీసుకుని, ఒక్కసారి పెట్టి వదిలేయండి. రెండోసారి రుద్దితే కింది నీలం కలిసి బురదవుతుంది, మొనే లాంటి వాళ్లు వెలుగును విడివిడి బ్రష్ పట్లతో పట్టుకున్న ఇంప్రెషనిస్ట్ పద్ధతిలో సగం పని ఈ చేయి ఆపుకోవడమే. తెలుపు పెట్టే ప్రతిసారీ ముందు బ్రష్ గుడ్డతో తుడవాలి, విసుగే గానీ తప్పదు. ఏమీ కలపని తెలుపు రెండు మూడు చోట్ల చాలు, ఎండ సూటిగా తగిలే అంచుల మీద.

బ్రష్ కదిలించే దిక్కు నేల వాలును బట్టి ఉండాలి, దిబ్బ వంగితే బ్రష్ కూడా వంగాలి.

వానాకాలంలో మందపాటి తెలుపు ఆరడానికి వారాలు పడుతుంది, తొందరపడి వార్నిష్ కొట్టకుండా ఆరు నెలలు ఆగండి. బొమ్మను బీరువా వెనక చీకట్లో దాస్తే అవిసె నూనె పసుపెక్కి మీ మంచు కాస్తా పాతబడుతుంది, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచండి. నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూలకు మాత్రం పడేయొద్దు, ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోక వాటంతటవే అంటుకోగలవు. దండెం మీద విడివిడిగా ఆరేసి, బాగా ఆరాకే పారేయండి.