రైలు వీడియోకు శబ్దమే ప్రాణం
రైళ్ల రాకపోకలను వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టేవారు దృశ్యం మీద చూపే శ్రద్ధలో సగమైనా శబ్దం మీద చూపితే, ఆ వీడియోను చివరిదాకా చూడాలనిపిస్తుంది. దూరం నుంచి హెచ్చు శ్రుతిలో వినిపిస్తూ వచ్చి, ఇంజన్ మనల్ని దాటిన క్షణంలోనే శ్రుతి తగ్గిపోయే హారన్, ఆపై పట్టాల అతుకుల మీద చక్రాలు వేసే తాళం సహజంగా వినబడాలి కాబట్టి నేపథ్య సంగీతం జోడించవద్దు. మైకుకు గాలి హోరు తగలకుండా ఫోమ్ తొడుగు మాత్రం తప్పక వేయండి.

కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపి, రైలు కనబడకముందే రికార్డింగ్ మొదలుపెట్టి, చివరి పెట్టె వెళ్లిపోయాక కూడా కొన్ని క్షణాలు ఆపకుండా ఉంచండి. రైలు వెంట కెమెరాను తిప్పాలన్న ఆత్రాన్ని అణచుకోవడమే మేలని నా అభిప్రాయం. ఎదురుగా వచ్చే హెడ్‌లైట్ వెలుగుకు ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ (కెమెరా తనంతట తానే వెలుగును సర్దుకునే అమరిక) తగ్గిపోయి పరిసరాలన్నీ చీకటిగా మారతాయి కనుక దాన్ని ముందే లాక్ చేయాలి. పట్టాలకు మరీ దగ్గరగా పక్క నుంచి తీస్తే, వేగంగా వెళ్లే పెట్టెలు ఫోన్ వీడియోలో ఒక వైపు వాలినట్లు కనిపిస్తాయి; దూరం జరిగి ఏటవాలు కోణంలో తీస్తే ఆ లోపం తగ్గుతుంది, భద్రతకూ అదే మంచిది. వివరణలో రైలు పేరు, ఇంజన్ రకం, స్థలం, తేదీ రాయండి.