వానలు రాకముందే ట్యాంకు మూత చూసుకోండి

తిరుపతి, చిత్తూరు వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో ఊళ్లు ఎలా మునిగాయో అందరికీ గుర్తే. వానలకు ముందు వైపర్లు, టైర్లు, బ్రేకులు చూపించుకుంటాం గానీ పెట్రోలు ట్యాంకు మూత జోలికి ఎవరూ పోరు.

మూత వదులైతే మైలేజీ సగానికి పడిపోతుందంటారు, అదంతా ఉత్త మాట. ఆవిరైపోయేది కొంచెమే. అసలు భయం నీళ్లతోనే. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. కాసిని చుక్కలు పడితే ఇథనాల్ వాటిని కలిపేసుకుంటుంది, బండి నడిచిపోతుంది. అంతకు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు దిగుతాయి. పంపు లాగేది అడుగునుంచే కాబట్టి ఇంజనుకు ముందు అందేది ఆ నీళ్లే. డీజిలు బండికైతే ఇంకా ఖర్చు: నీళ్లకు ఇంజెక్టర్లు తుప్పు పడతాయి.

మూత తీసి లోపలి రబ్బరు రింగును వేలితో చుట్టూ తడమండి. పగుళ్లున్నా, ఒకవైపు అణిగిపోయినా, గట్టిపడినా మార్చాల్సిందే. పెట్రోలు పోసే గొట్టం అంచున మట్టి, తుప్పు ఉంటే పొడి గుడ్డతో తుడవండి, అది లోపల పడకుండా. ఇక ఎక్కువమంది చూడనిది ఒకటుంది. మూత చుట్టూ ఉండే గిన్నెలాంటి భాగంలో, కింది వైపు, సన్నటి రంధ్రం ఉంటుంది. మూత పైన బయట ఉండే చిన్న తలుపు (ఫ్లాపు) సందులోంచి దిగిన వాన నీళ్లు అందులోంచే బయటికి పోతాయి. ఎండాకాలం దుమ్ముకు అది పూడుకుపోతే నీళ్లు మూత చుట్టూ నిలుస్తాయి. అప్పుడు రింగు కాస్త వదులున్నా చాలు, లోపలికి దిగుతాయి. మూత గట్టిగా బిగించి, ఆ గిన్నెలో అర గ్లాసు నీళ్లు పోసి చూడండి. చక్రం వైపు కారిపోవాలి. లేదంటే మెకానిక్కు చెప్పి శుభ్రం చేయించండి.

బిగించేటప్పుడు టక్ టక్ మనే మూతైతే ఆ శబ్దం వచ్చేదాకా తిప్పాలి. బంకులో మూతను కారు పైనో పంపు మీదో పెట్టనీయొద్దు, పోయే మూతలన్నీ అక్కడే పోతాయి. తిరుమల ఎక్కే ముందు ట్యాంకు నింపిస్తుంటే, నాజిల్ తనంతట ఆగాక ఇంకో రూపాయి పెట్రోలు పోయించొద్దు. ఎక్కువైనది ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పోయి దాన్ని పాడు చేస్తుంది. మూత వదులుగా ఉంటే ఘాట్ మలుపుల్లో పెట్రోలు బయటికి చిమ్ముతుంది కూడా.

మూత పోతే గుడ్డ కుక్కొద్దు. అది పెట్రోలు పీల్చి బయట తడిగా ఉంటుంది, నిప్పు తగిలితే అంతే. పోగులు ఊడి ట్యాంకులో పడితే పంపు జల్లెడ మూసుకుపోతుంది. మందపాటి పాలిథీన్ కవర్ రెండు మడతలు వేసి, రబ్బరు బ్యాండు బిగించి, ఫ్లాపు మూసి, స్పేర్ పార్టుల షాపు దాకా మాత్రం పోవచ్చు. కొండకు మాత్రం వద్దు. కొనేటప్పుడు మోడలు, సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నీ చెప్పండి. మూతలో గాలి తీసుకునే వాల్వు ఉంటుంది. వేరే బండి మూత గొట్టానికి సరిపోయినా, వాల్వు తేడా అయితే ట్యాంకులోకి గాలి సరిగా రాక, లోపల లాగుడు పెరిగి పంపు మీద భారం పడుతుంది.

డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మతో వెలిగే చెక్ ఇంజన్ లైటును నమ్ముకోవద్దు. మూత వదులైతే కొన్ని కార్లలోనే వెలుగుతుంది. మెకానిక్ పెట్టే స్కానర్లో పీ0455 గానీ పీ0457 గానీ లోపం కోడ్ కనిపిస్తే ముందు మూతే చూడండి. బిగించాక కూడా లైటు ఆరడానికి కొన్ని రోజుల తిరుగుడు కావాలి. లైటు టపటపా కొట్టుకుంటుంటే మాత్రం అది మూత సంగతి కాదు, ఇంజను సరిగా మండట్లేదు. బండి పక్కకు ఆపండి.

వానలో నిలిపిన బండి స్టార్టయి, కుదుపులు ఇచ్చి ఆగిపోతే పదే పదే స్టార్ట్ చేయొద్దు, నీళ్లు ఇంజెక్టర్ల దాకా పోతాయి. ట్యాంకు అడుగునుంచి కాస్త ఇంధనం తీయించి గాజు సీసాలో పోసి కదపకుండా ఉంచండి. కింద వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం దింపి కడిగించాలి. పైన కొత్త పెట్రోలు పోస్తే సర్దుకుంటుందని ఎవరన్నా చెబితే వినకండి.