పెళ్లి వీసీడీలోని డాట్ ఫైలు ఫోన్‌లో ఆడింది ఇలా

మా అక్క పెళ్లి వీడియో వీసీడీల్లో (వీడియో సీడీల్లో) ఉండిపోయింది. అందులోని ఎంపెగ్ఏవీ (MPEGAV) ఫోల్డర్‌లోని డాట్ (.DAT) ఫైలు కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో చక్కగా ఆడుతోంది, ఫోన్ మాత్రం తెరవనంటోంది. డాట్ అంటే కొత్త రకమేమీ కాదు, లోపల ఉన్నది ఎంపెగ్-1 అనే పాత పద్ధతి వీడియోనే. పేరు చివర ఎంపీ4 అని మార్చినంత మాత్రాన అది మారదు.

ముందు ఫైళ్లను హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాను. అసలు కష్టం ఇక్కడే. మామూలు డేటా సీడీకి ఉండేంత ఎర్రర్ కరెక్షన్ (చదివేటప్పుడు వచ్చే తప్పులను సరిదిద్దే ఏర్పాటు) వీసీడీలో వీడియోకి ఉండదు కాబట్టి చిన్న గీత పడ్డా కాపీ మధ్యలో ఆగిపోవచ్చు. మెత్తని గుడ్డతో డిస్కును మధ్య నుంచి అంచు వైపు తుడిచి, వేరే డ్రైవ్‌లో పెడితే మొత్తం వచ్చింది.

తర్వాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో, ఫోన్లు ఆడించగల హెచ్.264 పద్ధతి వీడియో ఉన్న ఎంపీ4 ఫైలుగా మార్చాను. నాణ్యతను నిర్ణయించే సీఆర్‌ఎఫ్ అంకె 18 (తక్కువైతే నాణ్యత ఎక్కువ), ఆడియో పద్ధతి ఏఏసీ. మన వీసీడీల సైజు 352×288 పిక్సెళ్లు. దాన్ని 1080కి (ఫుల్ హెచ్‌డీకి) సాగదీయమని చాలామంది చెబుతారు, దయచేసి వద్దు. లేని వివరం రాదు, ఫైలు బరువెక్కుతుందంతే. 4:3 నిష్పత్తి మాత్రం తప్పకుండా ఉంచండి, లేదంటే మనుషులు సన్నగానో లావుగానో కనిపిస్తారు. మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది కాబట్టి పాత డాట్ ఫైళ్లనూ దాచాను.