కెర్నల్ బగ్‌తో ఫైల్‌సిస్టమ్ పాడైతే: ఎఫ్‌ఎస్‌సీకే కంటే ముందు చేయాల్సినవి

లైనక్స్‌లో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) అప్‌డేట్ అయిన రెండు రోజులకే ఈఎక్స్‌టీ4 (ext4, లైనక్స్ ఫైల్‌సిస్టమ్) పార్టిషన్ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో తెలిపే సంఖ్య) ఎర్రర్లు చూపించి రీడ్-ఓన్లీలోకి వెళ్లిందా? ఫైల్‌సిస్టమ్‌ను రిపేర్ చేసే ఎఫ్‌ఎస్‌సీకే (fsck) జోలికి అప్పుడే పోకండి. తప్పు కెర్నల్‌దైతే, దాని మీదే రిపేర్ నడపడం దొంగ చేతికి తాళాలివ్వడమే. 2018లో లైనక్స్ 4.19 విషయంలో అనుమానం మొదట ఈఎక్స్‌టీ4 మీదికే పోయింది. అసలు బగ్ దాని కిందున్న బ్లాక్ లేయర్‌లో (డిస్క్‌కు రీడ్, రైట్‌లు పంపే కెర్నల్ భాగం) దొరికింది, 4.19.8లో సరిచేశారు.

ముందు 'యునేమ్ -ఆర్' (uname -r, కెర్నల్ వెర్షన్), 'డీమెస్‌జీ' (dmesg, కెర్నల్ సందేశాలు) చూపించేవి ఫోన్‌తో ఫొటో తీసుకుని మెషిన్ ఆపేయండి. లైవ్ యూఎస్‌బీతో (డిస్క్‌ను ముట్టకుండా తనలోని లైనక్స్‌నే నడిపేది) బూట్ చేశాక దాని కెర్నల్ వెర్షన్ కూడా చూడండి, అందులోనూ అదే బగ్ ఉండొచ్చు. 2023 డిసెంబర్‌లో కెర్నల్ 6.1.64లోని బగ్ వల్ల డెబియన్ (ఒక లైనక్స్ డిస్ట్రో) 12.3 ఇమేజ్‌లనే ఆపేశారు, 6.1.66తో 12.4 వచ్చింది.

డిస్క్ ఆరోగ్యం చూపే 'స్మార్ట్‌సీటీఎల్ -ఏ'లో (smartctl -a) రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (పాడైనవి, అనుమానాస్పదమైనవి) సున్నా ఉండి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ కూడా పాసైతే కెర్నల్ మీద అనుమానం బలపడుతుంది.

తర్వాత డీడీరెస్క్యూతో (ddrescue) మొత్తం పార్టిషన్‌ను వేరే డిస్క్ మీదికి ఇమేజ్ (యథాతథ కాపీ) తీయండి. ఇకపై పనంతా ఆ ఇమేజ్ కాపీ మీదే. మౌంట్ చేసేటప్పుడు 'ఆర్ఓ' (ro, రీడ్-ఓన్లీ) ఒక్కటే ఇస్తే చాలదు: ఈఎక్స్‌టీ4 అప్పుడు కూడా జర్నల్‌ను (మార్పులు ముందుగా నమోదయ్యే లాగ్) రీప్లే చేసి డిస్క్ మీద రాస్తుంది. 'ఆర్ఓ,నోలోడ్' (ro,noload) ఇచ్చి, అందినన్ని ఫైళ్లు బయటికి తీసుకోండి. 'ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ఎన్' (e2fsck -fn, ఏమీ మార్చకుండా తనిఖీ మాత్రమే) కూడా జర్నల్‌ను వదిలేస్తుంది కాబట్టి ఉన్నవాటికన్నా ఎక్కువ ఎర్రర్లు చూపించొచ్చు, కంగారు పడకండి. ఆ తర్వాతే అన్నీ సరిచేసే '-ఎఫ్‌వై' (-fy). ఎగ్జిట్ కోడ్ 1 వస్తే సరిచేసిందని, 4 వస్తే ఇంకా మిగిలాయని. పేరు పోయిన ఫైళ్లు లాస్ట్+ఫౌండ్‌లో #48213 లాంటి ఐనోడ్ నంబర్లతో (ఫైల్‌సిస్టమ్ ప్రతి ఫైల్‌కూ ఇచ్చేవి) పడి ఉంటాయి. అవేమిటో 'ఫైల్' కమాండ్ చెబుతుంది.

చాలామంది ఇక్కడితో పనైపోయిందనుకుంటారు. ఎఫ్‌ఎస్‌సీకే చూసేది ఫైల్‌సిస్టమ్ నిర్మాణాన్నే. ఫొటో మధ్యలో 4 కేబీ మేర సున్నాలున్నా దాని లెక్కలో అంతా క్లీనే. సిస్టమ్ ఫైళ్లను ప్యాకేజీలతో పోల్చడానికి డెబియన్ తరహా వాటిలో 'డెబ్‌సమ్స్ -ఎస్' (debsums -s), ఆర్‌పీఎం వాడేవాటిలో 'ఆర్‌పీఎం -వీఏ' (rpm -Va) నడపండి. సొంత ఫైళ్లను మాత్రం ఆ కెర్నల్ రాకముందు తీసిన బ్యాకప్‌తో చెక్‌సమ్‌లు పోల్చాల్సిందే. ఆ తేదీ ఆప్ట్ హిస్టరీ లాగ్‌లో ఉంటుంది. పోల్చేదాకా బ్యాకప్ రొటేషన్ ఆపండి, లేకపోతే పాడైన కాపీ వచ్చి మంచిదాన్ని తుడిచేస్తుంది.

చివరికి పాత పార్టిషన్‌ను బాగుచేసి వాడుకోవడం కంటే, మంచి కెర్నల్ కింద కొత్తగా ఫార్మాట్ చేసి రీస్టోర్ చేయడమే మేలు. గ్రబ్ (బూట్‌లోడర్) మెనూలో ఆ చెడ్డ కెర్నల్ మిగలకుండా దాని ప్యాకేజీ తీసేయండి.