మన కారు, మన చేతులు – 5వ పాఠం: ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చడం

పోయిన పాఠంలో చక్రం విప్పకుండానే టార్చి వేసి ప్యాడ్ మందం చూడటం నేర్చుకున్నాం. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతుంటుందో, సుమారు 3 మి.మీ., అంతకు దిగితే మార్చాల్సిందే. కొత్త ప్యాడ్‌కి అరిగే భాగం 10 మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది. అమీర్‌పేట, పంజాగుట్ట మధ్య రోజూ పాకుతూ పోయేవాళ్లకీ, బంజారాహిల్స్ ఎత్తుపల్లాల్లో తిరిగేవాళ్లకీ అది తొందరగానే కరిగిపోతుంది. బ్రేక్ వేసినప్పుడు సన్నగా కీచుమంటుంటే, చాలా కార్లలో అది ప్యాడ్‌కి ఉండే చిన్న రేకు, చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కుకి తగులుతున్న చప్పుడు. తగలాలనే దాన్ని పెట్టారు. ఇనుము ఇనుముని గీకినట్టు గరగరమంటే మాత్రం బండి తియ్యకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి. డిస్కు కూడా దెబ్బతిని ఉంటుంది.

ఈ పాఠం ముందు చక్రాలకే. చిన్న కార్లలో వెనక ఎక్కువగా డ్రమ్ములే ఉంటాయి, వాటి పని వేరు. వెనక డిస్కులున్నా కూడా ఇదే పద్ధతిలో చెయ్యకండి. కొన్నిట్లో ప్యాడ్‌ని డిస్కు మీదికి నెట్టే పిస్టన్‌ని నొక్కకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి.

ప్యాడ్లు పని మొదలుపెట్టకముందే కొనిపెట్టుకోండి. ఆదివారం పొద్దున చక్రం విప్పేసి, ఆటో ఎక్కి రాణిగంజ్ వెళ్లి షాపు షట్టరు చూసి వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఒకటి నేనే. ఆర్‌సీ ఫొటో ఫోన్లో పెట్టుకుని వెళ్లండి. ఒకే పేరున్న కారుకి ఏడాదిని బట్టి ప్యాడ్లు మారుతుంటాయి. ఒక డబ్బాలో 4 వస్తాయి, రెండు వైపులకీ సరిపోతాయి. ఒక వైపు బాగానే ఉంది కదా అని రెండోది వదిలేస్తే బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకి లాగొచ్చు. రాణిగంజ్ వెళ్లినప్పుడే ఒక సీ క్లాంపు (ఇంగ్లీషు సీ ఆకారంలో ఉండే మర బిగింపు), బ్రేక్‌కి వాడే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు, బ్రేక్ క్లీనర్ స్ప్రే తెచ్చుకోండి. మందుల షాపులో సూది లేని పెద్ద సిరంజి ఒకటి కొనండి. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

ఇక స్థలం. అపార్ట్‌మెంటు సెల్లార్ బాగానే పనికొస్తుంది, కానీ దిగే ర్యాంపు మీద కాదు, చదునుగా ఉన్నచోట. హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరులో ఉంచి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎక్కించండి. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు. బరువు యాక్సిల్ స్టాండు మీద, అంటే ఎత్తాక కారు కింద పెట్టే ఇనుప స్టాండు మీద పడాలి. స్టాండు లేకపోతే ఈ ఆదివారం పని మానేసి బిర్యానీ తినండి. ఇటుకల మీద నిలబెట్టిన కారు దగ్గర చెయ్యి కూడా పెట్టొద్దు.

ఒకసారి ఒక వైపే విప్పండి. మధ్యలో ఏ క్లిప్పు ఎటు ఉండేదో గుర్తు రాకపోతే రెండో వైపు చూసుకోవచ్చు. ఎందుకైనా మంచిది, ఫొటోలు కూడా తీసుకోండి.

చక్రం తీశాక స్టీరింగ్‌ని ఒక పక్కకి తిప్పితే క్యాలిపర్ (ప్యాడ్లనీ పిస్టన్‌నీ పట్టుకుని డిస్కు మీద కూర్చునే ఇనుప భాగం) వెనక రెండు బోల్టులు కనిపిస్తాయి. చాలా కార్లలో కిందిది ఒక్కటి తీస్తే చాలు, క్యాలిపర్ తలుపులాగా పైకి లేస్తుంది. బోల్టుతో పాటు లోపలి పిన్ కూడా తిరుగుతుంటే సన్నటి పానాతో దాన్ని పట్టుకోండి. మీ కారులో క్యాలిపర్ మొత్తం ఊడొచ్చేదైతే బ్రేక్ గొట్టానికి వేలాడనివ్వకండి, గుడ్డపీలికతో పైన స్ప్రింగుకి కట్టెయ్యండి. నల్లటి దుమ్ముని నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. స్ప్రేతో తడిపి తుడవండి.

ఈ దశలో కారులో ఎవరూ ఉండకూడదు. నేను మొదటిసారి చేస్తున్నప్పుడు మా మేనల్లుడు డ్రైవర్ సీట్లో కూర్చుని నోటితో హారన్ కొడుతూ పెడలు తొక్కాడు. పిస్టన్ అరంగుళం బయటికొచ్చింది. ఇంకోసారి తొక్కుంటే ఊడిపడేది, ఆయిలంతా కారేది. అప్పట్నుంచి తలుపులకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటున్నాను.

పాత ప్యాడ్లు లాగి, పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పాఠంలో అసలు విషయం ఇక్కడే ఉంది. లోపలిదీ బయటిదీ ఇంచుమించు ఒకేలా అరిగితే అంతా బాగున్నట్టే. లోపలిది రేకులా అయిపోయి, బయటిది సగం మిగిలి ఉంటే తప్పు ఎక్కువసార్లు ప్యాడ్‌ది కాదు, పిన్నులది. పెడలు తొక్కినప్పుడు పిస్టన్ ముందుగా లోపలి ప్యాడ్‌ని డిస్కు మీదికి నెడుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి, బయటి ప్యాడ్‌ని అటు నుంచి లాక్కొస్తుంది. పిన్ పట్టేస్తే క్యాలిపర్ జరగదు, పనంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది.

ఒక షాపులో నా కారుకి ప్యాడ్లు మార్పిస్తే, ఏడాది తిరక్కుండానే ఎడమ వైపు లోపలిది అయిపోయింది. ఇంట్లో విప్పి చూశాను. పిన్ చేత్తో కదల్లేదు. మెలితిప్పి లాగితే ఎండిన చింతపండులా నల్లగా అతుక్కున్న గ్రీజుతో బయటికొచ్చింది. రబ్బరు తొడుగు ఒక అంచున చిరిగి ఉంది. అందులోంచి వాన నీళ్లు పోయాయి. పాత ప్యాడ్ తీసి కొత్తది పెట్టారే గానీ పిన్ ముట్టుకోలేదు. వాళ్లని తిట్టుకున్నాను గానీ, నా కారు పిన్ ఎలా ఉందో నేనూ ఏనాడూ అడగలేదు.

కాబట్టి పిన్నులు రెండూ తియ్యండి. ఏది పైది, ఏది కిందిదో గుర్తు పెట్టుకోండి, రెండూ ఒకేలా ఉండకపోవచ్చు. గుడ్డతో నిగనిగలాడేదాకా తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. ఇంట్లో ఉన్న మామూలు గ్రీజు రాయకండి, ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. తొడుగు చిరిగితే కొత్తది వెయ్యండి. పిన్ లోపలికి తోస్తే వేలి ఒత్తిడికే మెత్తగా వెళ్లాలి. అలా వెళ్లేదాకా ముందుకి పోవద్దు.

ఇప్పుడు పిస్టన్. కొత్త ప్యాడ్లు మందం కాబట్టి పిస్టన్ లోపలికి వెళ్లాలి. అది వెళ్తే దాని వెనకున్న ఆయిలు బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలోకి ఎగదన్నుతుంది. సర్వీసులో ఎవరో ‘తగ్గింది’ అని నిండా పోసుంటే పొంగి పెయింటు మీద పడుతుంది, బ్రేక్ ఆయిలు పెయింటుని తినేస్తుంది. సిరంజి అందుకే. ముందే కొంచెం లాగి సీసాలో పొయ్యండి. దాన్ని మళ్లీ వాడొద్దు. తర్వాత పాత ప్యాడ్‌ని పిస్టన్‌కి అడ్డం పెట్టి క్లాంపుని నిదానంగా బిగించండి, పావు తిప్పుకి ఒకసారి ఆగుతూ.

కొత్త ప్యాడ్లని పక్క క్లిప్పుల్లో కూర్చోబెట్టండి. అరిగే ముఖం డిస్కు వైపే ఉండాలి. నవ్వకండి, తిరగేసి పెట్టినవాళ్లున్నారు. ఆ ముఖానికి గ్రీజు చెయ్యి తగలనివ్వొద్దు. క్యాలిపర్ దించి బోల్టు బిగించండి. బిగింపు ఎంతో మీ కారు సర్వీసు పుస్తకంలో ఉన్న అంకె ప్రకారం, టార్క్ పానాతో. వీల్ నట్ల అంకె దీనికి పనికిరాదు, అది చాలా ఎక్కువ. చక్రం ఎక్కించాక నట్లని ఎదురెదురుగా బిగించుకుంటూ రండి. రెండో వైపూ ఇంతే. మొదటి వైపుకి రెండు గంటలు పడితే రెండోది ముప్పావుగంటలో అవుతుంది.

బండి దించాక, ఇంజిన్ ఆపి ఉండగానే పెడలు తొక్కండి. మొదటిసారి నేలకి అంటుకుపోతుంది. భయం లేదు, పిస్టన్‌కీ ప్యాడ్‌కీ మధ్య ఖాళీ నిండుతోందంతే. పది పదిహేనుసార్లు తొక్కితే రాయిలా గట్టిపడుతుంది. గట్టిపడకముందు గేరు వేస్తే బండి సెల్లార్ గోడకే ఆగుతుంది. ఎంత తొక్కినా మెత్తగానే ఉంటే లోపల గాలి చేరినట్టు. బండి కదపొద్దు. ఆయిల్ మట్టం మినిమమ్, మ్యాక్సిమమ్ గీతల మధ్య ఉందో లేదో చూసి మూత బిగించండి.

కొత్త ప్యాడ్లకి డిస్కుతో పొత్తు కుదరాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని, 60 నుంచి 20కి నిదానంగా తగ్గించడం ఒక ఎనిమిదిసార్లు చెయ్యండి, మధ్యలో అర నిమిషం బ్రేక్ ముట్టుకోకుండా నడుపుతూ. వేడి మీద పూర్తిగా ఆపి పెడలు తొక్కిపట్టి ఉంచొద్దు. ఔటర్ రింగు రోడ్డు మీదికి ఈ పనికి వెళ్లకండి. వెనక 100లో వచ్చే లారీకి మీ ప్రాక్టీసు సంగతి తెలీదు. ఓ 50 కి.మీ. తిరిగాక వీల్ నట్లు మరోసారి బిగించి చూడండి.

వచ్చే పాఠం బ్రేక్ ఆయిల్ మార్చడం. ఈలోగా ఆ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో, డాట్ 4 అని ఉందో చూడండి, అది ఆయిల్ రకం. సిరంజితో లాగిన ఆయిలు పారబొయ్యకుండా సీసాకి మూత పెట్టి, పిల్లలకి అందనిచోట దాచండి. దాని రంగుతోనే పాఠం మొదలుపెడదాం.