తరగతి గదిలోకి, లైబ్రరీలోకి కవిత్వాన్ని తేవడం ఎలా?

బడిలో కవిత్వం లేకేం, ఉంది. ప్రతిపదార్థంతో, తాత్పర్యంతో, ‘కవి హృదయం తెలపండి’ అనే ప్రశ్నతో సహా ఉంది. దాన్ని పరీక్ష నుంచి కాస్త పక్కకు తప్పించి పిల్లల చెవిన వెయ్యడం ఎలాగన్నదే ఇక్కడ విషయం. టీచర్లు, లైబ్రేరియన్లు, బడి కోసం ఏదైనా చేద్దామనుకునే తల్లిదండ్రులు, ఎవరైనా మొదలుపెట్టొచ్చు.

1. ముందు ఐదు నిమిషాలు సంపాదించండి

పీరియడ్ అడిగితే సిలబస్ అవ్వట్లేదంటారు, అదీ నిజమే. హాజరు వేశాక ఐదు నిమిషాలు అడగండి, కాదనడం కష్టం. అమెరికాలో బిల్లీ కాలిన్స్ ఆ దేశపు ఆస్థానకవిగా ఉన్న రోజుల్లో, 2002లో, అక్కడి జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున హైస్కూళ్ల కోసం 180 కవితలు ఎంచి ఇచ్చారు. అక్కడ బడి నడిచే రోజులు సుమారు అన్నే కాబట్టి రోజుకొకటి. వినిపించి వదిలెయ్యాలి, విశ్లేషణ మొదలుపెట్టకూడదు, అదీ ఆయన చెప్పింది. మీకు మొదట్లో అన్ని అక్కర్లేదు, ఒక నెలకి సరిపడా ఫైలు చేసి పెట్టుకుంటే చాలు, లేకపోతే పొద్దున్నే వెతుక్కోవడం ఒక టెన్షన్.

2. కవితలు ఏరుకోండి

నిమిషంలో చదవగలిగేవి, మీకు నిజంగా నచ్చినవి. రెండోది ముఖ్యం, ఎందుకంటే మొక్కుబడిగా చదివేది పిల్లలు ఇట్టే పట్టేస్తారు. పద్యం, గేయం, వచన కవిత, అనువాదం అన్నీ కలపండి. చెట్లు నాటండి, పెద్దల్ని గౌరవించండి తరహావి తగ్గించండి బాబూ, అవి అసెంబ్లీలో ఎలాగూ వింటారు. ఎనిమిదో తరగతి పిల్లలకి కోపం ఉన్న కవితలు, దిగులు కవితలు, కొంటె కవితలు బాగా ఎక్కుతాయి.

3. చదవండి, తర్వాత ఊరుకోండి

ఇంట్లో ఒకసారి పైకి చదివి చూసుకోండి. పద్యమైతే పాదం చివర కాకుండా మాట పూర్తయ్యే చోట ఆగాలి, లేకపోతే అర్థం ముక్కలైపోతుంది. క్లాసులో రెండుసార్లు చదవండి. మొదటిసారి చెవి అలవాటుపడుతుంది, రెండోసారికి వినబడుతుంది. ఆ తర్వాత వివరించాలని నాలుక దురద పెడుతుంది చూడండి, అక్కడే ఆగాలి. అడగాలనిపిస్తే ‘ఏ మాట గుర్తుండిపోయింది?’ అని ఒక్కటే అడగండి, ఎందుకని మాత్రం అడగొద్దు. ఎవరూ ఏమీ చెప్పకపోయినా పర్లేదు. కొన్నాళ్లకి వాళ్లే ‘ఈరోజు నేను చదువుతా’ అని లేస్తారు, అప్పుడు మీరు పక్కకి జరగండి.

4. ఛందస్సుని చప్పట్లలోకి దించండి

గురులఘువులు బోర్డు మీద గీతల్లా కనిపించినంత కాలం భయమే. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. వాళ్ల పేర్లతోనే మొదలుపెట్టండి: కమల అంటే మూడు పొట్టి చప్పట్లు, అది నగణం. శారద అంటే ఒక పొడుగు, రెండు పొట్టి, భగణం. క్లాసంతా తమ పేరు ఏ గణమో తేల్చుకునే గోలలో ఆ పీరియడ్ అయిపోతుంది, పోనివ్వండి. మర్నాడు ఆటవెలదిలో పద్యం ఒకటి తీసుకుని బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు వాళ్లనే పట్టుకోమనండి.

5. కలిసి రాయించండి

ఒక్కడినే కూర్చోబెట్టి ‘కవిత రాయి’ అంటే పెన్ను కొరుకుతాడు. జపాన్ వాళ్ల రెంగా పద్ధతి దీనికి బాగుంటుంది: ఒకరు మూడు పాదాలు రాస్తే ఇంకొకరు రెండు పాదాలు కలుపుతారు, కాగితం అలా బెంచీలు దాటుతూ వెళ్తుంది. అసలు పద్ధతిలో 5-7-5, 7-7 అని లెక్క ఉంది గానీ మొదట్లో దాన్ని వదిలెయ్యండి. మార్కులు, బహుమతులు కూడా పెట్టకండి.

6. లైబ్రరీలో చోటు మార్చండి

పుస్తకాల్ని విషయాన్ని బట్టి నంబర్లతో సర్దే డ్యూయీ వర్గీకరణలో సాహిత్యమంతా 800ల్లో ఉంటుంది. చాలా లైబ్రరీలు కథలు, నవలల్ని బయటికి తీసి విడి అలమరలో పెడతాయి, కవిత్వం మాత్రం ఆ నంబర్ల మధ్యే మూలన ఉండిపోతుంది. ఓ పది పుస్తకాలు తీసి, అట్ట కనబడేలా, పిల్లల చేతి ఎత్తులో పెట్టండి, వారానికోసారి మార్చండి. చిరుగుతాయని బీరువాకి తాళం వేసే పని వద్దు. ‘పుస్తకాలు వాడకం కోసమే’ అని మన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో తన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదిగానే పెట్టారు.

గోడకి కవిత అంటిస్తే కవి పేరు తప్పనిసరిగా రాయండి. బడి పత్రికలోనో వెబ్‌సైట్‌లోనో పెట్టాలంటే కాపీరైట్ చూసుకోవాలి. గడువు దేశాన్ని బట్టి మారుతుంది, భారతదేశంలో కవి మరణించాక 60 ఏళ్లు. బతికున్న కవైతే ఒక మెసేజ్ పెట్టి అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

7. కవిని పిలవండి, కానీ ముందు చదివించండి

ఏమీ చదవని పిల్లల ముందు కవిని నిలబెడితే ఇద్దరికీ శిక్షే. వచ్చే ముందు వారం ఆ కవివి మూడు నాలుగు కవితలు క్లాసులో చదవండి, ప్రశ్నలు పిల్లలే రాసుకోవాలి. ఉపన్యాసం వద్దని కవికి ముందే చెప్పండి, ప్రయాణ ఖర్చులు మీరే పెట్టుకోండి. యునెస్కో 1999లో ప్రకటించిన ప్రపంచ కవితా దినోత్సవం, మార్చి 21, కుదిరితే మంచిదే. కానీ ఆ రోజు చాలామంది కవులకి వేరే సభలుంటాయి, పైగా అది పరీక్షల సమయం అయ్యే అవకాశం ఎక్కువ, కాబట్టి ఏ ఆగస్టులోనో పెట్టుకుంటే కవీ దొరుకుతారు, పిల్లలూ దొరుకుతారు.